చింతా వలసే, జీడీ వలసే

చెట్టు కింద ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, మేష్టారి జవాబులు

(జవాబులు రాసే మేష్టారు ఉద్దానంలో పుట్టారు. సీతంపేట వైపు పదకొండేళ్లు, చీపురుపల్లి వైపు పంతొమ్మిదేళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యారు.)

ప్రశ్న: మేష్టారూ, మాది పలాస దగ్గర పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఆరో తరగతి. 'మా ఊరి చెట్టు' గురించి రాసుకు రమ్మంటే జీడిమామిడి గురించి రాశాడు. అది బ్రెజిల్ చెట్టు, మన చెట్టు కాదని టీచరు ఆ వ్యాసం కొట్టేశారట. వాడు ఒకటే ఏడుపు. ఏం చెప్పమంటారు?
ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు వాణ్ణి ఏడుపు ఆపమనండమ్మా. టీచరు గారు చెప్పిన మొదటి మాట నిజం, రెండో మాట తప్పు. జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిలే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఓడల మీద తెచ్చి మన పడమటి తీరంలో దించారు. బ్రెజిల్ ఆదివాసుల 'అకాజు' పోర్చుగీసు నోట్లో పడి 'కాజు' అయింది. ఇవాళ మన పెళ్లిభోజనాల్లో కాజు కర్రీ అంటున్నది ఆ మాటనే. మలయాళీలు ఇప్పటికీ దాన్ని పరంగి మామిడి అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. అంటే దొరలు తెచ్చిన మామిడి.

మనవాళ్లు మాత్రం చూడగానే చుట్టరికం కలిపేశారు. మన కొండల్లో నల్లజీడి అని ఒక చెట్టుంది. నారింజ రంగు కండ, దాని కొసన బయటికి నల్లటి గింజ. ఆ గింజ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చాకళ్లు దాంతోనే బట్టలకు గుర్తులు పెట్టేవారు. ఎన్ని చాకిరేవులు చూసినా ఆ గుర్తు చెరగదు. కొత్తగా వచ్చిన చెట్టుకి కూడా గింజ పండు బయటే ఉంది, రసం తగిలితే బొబ్బలే, పూత చూస్తే మామిడి పోలిక. అందుకని జీడిమామిడి అన్నారు. పండు ముంతలా ఉందని ఇంకొందరు ముంతమామిడి అన్నారు. నల్లజీడి, జీడిమామిడి, మామిడి, మూడూ ఒకే కుటుంబమని నేను బీయస్సీలో చేరాక నేర్చుకున్నాను. ఆ పేరు పెట్టిన మనిషెవరో తోటలో నిలబడి కంటితోనే కనిపెట్టేశాడు.

మా అమ్మ పలాసలో పిక్కలు కొట్టేది. ఉడికించిన పిక్కని చెక్క మీద పెట్టి ఒక్క దెబ్బ వెయ్యాలి. గట్టిగా కొడితే గుడ్డు, అంటే లోపలి పప్పు, బద్దలైపోయి రేటు పడిపోతుంది. మెల్లగా కొడితే పెంకు ఊడదు, తొక్కలోని నూనె వేళ్ల మీదికి చిమ్ముతుంది. బూడిద పూసుకుని కూర్చునేది. సాయంత్రం మాకు అన్నం కలిపి పెట్టే చేతికి ఎప్పుడూ ఒక కాలిన వాసన. ఇప్పుడు షాపులో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాసి అమ్ముతున్నారు చూడండి, పౌనుకి ఇంచుమించు అన్ని గుడ్లు తూగుతాయని లెక్క. అంకె తక్కువైతే గుడ్డు పెద్దది, ధరా పెద్దది. అమ్మకి ఆ అంకెలు తెలియవు గానీ, అరచేతిలో పోసుకుని ఇది ఏ రకమో చెప్పేసేది. చివరి రోజుల్లో పింఛను మిషను మీద వేలు పెడితే ముద్ర పడేది కాదు. 'ఏలు అరిగిపోనాది బాబూ' అని నవ్వేది. ఆవిడ ముందుకొచ్చి జీడి మన చెట్టు కాదు అనమనండి చూద్దాం.

ఇంకో సంగతి. మన వైపు 'వలస' అని ముగిసే ఊళ్ల పేర్లు లెక్కలేనన్ని. విజయనగరం పక్కన చింతలవలస, టెక్కలి దగ్గర రావివలస. ఎక్కడినుంచో మూట నెత్తిన పెట్టుకొచ్చి, ఓ చెట్టు నీడ చూసుకుని దిగిపోయిన వాళ్ల ఊళ్లనే పేరే చెబుతోంది. దేశానికొచ్చి నాలుగొందల ఏళ్లు దాటిన చెట్టుని బయటిది అంటే, ఈ ఊళ్లవాళ్లంతా ఎక్కడికి పోవాలి? కొబ్బరీ జీడీ పనసా ఇలా ఒకదాని పక్కన ఒకటి వేసుకునే కదా మనవాళ్లు ఉద్యానవనం అనిపించుకున్నారు, అదే నోట్లో నలిగి ఉద్దానమైందంటారు.

మీ అబ్బాయిని ఆ వ్యాసంలో ఒక వాక్యం కలిపి మళ్లీ ఇమ్మనండి: 'ఇప్పుడు పలాస మిల్లులకి ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుతున్నాయి.' దాంతో మన బస్తాకి ధర రావడం లేదని మా వాళ్ల గోల. టీచరు గారికి అది కూడా తెలియాలి.

ప్రశ్న: చింతచెట్టు కింద రాత్రిపూట పడుకుంటే దెయ్యం పడుతుందా, లేక విషపు గాలి వదులుతుందా?
ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: చీకటి పడ్డాక ఏ చెట్టయినా మనలాగే గాలి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అది మీ పక్క మంచం మీద గురకపెట్టే మనిషి వదిలేదాని కంటే భయపడాల్సినదేమీ కాదు. దెయ్యం సంగతి మా సిలబస్‌లో లేదు. చీమలు మాత్రం ఉంటాయి, దుప్పటి దులుపుకోండి.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ ఫైనలియర్. పైడితల్లమ్మ సిరిమానోత్సవం అంటే నాకూ ఇష్టమే. కానీ ఏటా ఒక ముదురు చింతచెట్టుని కొట్టేయడం చూస్తే బాధేస్తుంది. పర్యావరణం అని మనమే మాట్లాడతాం, పండగ పేరుతో మనమే చెట్టు నరుకుతాం. ఇది తప్పు కాదా?
ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: నీ వయసులో నేనూ ఇదే అడిగానమ్మా, ఇంత మర్యాదగా మాత్రం కాదు.

బయటి ఊళ్ల పాఠకుల కోసం రెండు ముక్కలు. 1757 బొబ్బిలి యుద్ధం నాటి కథతో ముడిపడిన అమ్మవారు పైడితల్లి. విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలని చెప్తారు. దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను తిరుగుతుంది. అంతకు ముందే అమ్మవారు పూజారి కలలోకి వచ్చి ఫలానా దిక్కున, ఫలానా చోట నా చెట్టుంది అని చెబుతుంది. వెళ్లి వెతుకుతారు. ఎక్కువగా చింతే. మానుకి ఒకటి, ఇరుసుకి ఒకటి. పూజ చేసి కొట్టి, ఊరేగింపుగా హుకుంపేట తెచ్చి వడ్రంగులు చెక్కుతారు. యాభై అరవై అడుగుల ఆ మాను కొసన పూజారి కూర్చుంటే, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. కింద లక్షల మంది, అందరి తలలూ పైకే.

నేను చీపురుపల్లి వైపు పనిచేసే రోజుల్లో ఒక ఏడాది చెట్టు మా బడికి దగ్గర్లోని పల్లెలోనే దొరికింది. పదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే, మూఢనమ్మకం గురించి పాఠం చెప్పొచ్చని తీసుకెళ్లాను. చెట్టు ఒక ముసలావిడ కళ్లం గట్టు మీద ఉంది. వాళ్ల అత్తగారు వేసిన చెట్టట. ఏటా చింతపండు అమ్ముకుని దాంతో ఉప్పూ పప్పూ కొనుక్కునే మనిషి ఆవిడ. ఆవేళ మొదలు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త చీర చుట్టింది. ఊళ్లో ఆడవాళ్లందరూ బిందెలతో నీళ్లు పోశారు. పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టే ఉంది. బాధగా లేదా అమ్మా అని అడిగాను. 'ఆడపిల్లనేటి ఇంట్లో అట్టీపెట్టుకుంటామా బాబూ, అడిగినోలకి ఇచ్చుకోవాల గదా' అంది. అని, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను ఆ రోజు పాఠం చెప్పలేదు.

అదే ఏడాది మా బడి ముందు రోడ్డు వెడల్పు చేస్తూ పదిహేడు చింతచెట్లు రెండు రోజుల్లో పడేశారు. పిల్లలే లెక్కపెట్టారు. కలా లేదు, పసుపూ లేదు, ఎవరినీ అడిగిందీ లేదు. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతోంది. కాగితం మీద అనుమతి ఉండే ఉంటుంది లెండి. అమ్మవారు కనీసం చెప్పి తీసుకెళ్తుంది.

అలాగని నీ బాధ తప్పు అనను. నరికిన చోట మళ్లీ నాటకపోవడమే నాకు నచ్చని సంగతి. సిరిమాను దొరికిన ప్రతి ఊళ్లోనూ ఆ గట్టు మీదే చింతగింజ వేయించే పని నువ్వూ నీ స్నేహితులూ పెట్టుకోండి. మానుకి పనికొచ్చే పొడవు రావాలంటే మీ మనవలు చూడాలి, అందుకని తొందరగా మొదలెట్టండి.

ఒక తమాషా కూడా చెప్తాను, మీ క్లాసులో చెప్పు. చింత కూడా మనది కాదు. పుట్టింది ఆఫ్రికాలో. వేల ఏళ్ల కిందటే ఇక్కడికి చేరింది. ఎంతగా కలిసిపోయిందంటే, అరబ్బులు మన దగ్గర్నుంచే కొనుక్కుని దానికి 'హిందూ దేశపు ఖర్జూరం' అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషు టామరిండ్ ఆ మాటే. ఆఫ్రికా చెట్టుని అరబ్బులు హిందూ అన్నారు, విజయనగరం అమ్మవారు నాది అంది.

ప్రశ్న: మా తేలుకుంచి పక్షులు సైబీరియా నుంచి ఎన్ని రోజులు ఎగిరి వస్తాయి?
ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: ఒక్క రోజు కూడా కాదు, ఎందుకంటే అవి సైబీరియావి కావు. ఈ మాట ఎవరు అంటించారో గానీ బంకలా వదలడం లేదు. మీ ఊరికి వచ్చేది నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది చూడండి, నత్తల్ని పట్టడానికి అదే వాటం. మన దేశం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే పక్షి. సైబీరియా చలిలో వదిలితే పాపం చచ్చిపోతుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులూ, రెక్కల మీద గులాబీ రంగు పూసుకున్న కొంగలూ కూడా ఈ దేశపువే. వానలు పడి చెరువులూ పొలాలూ నిండితే నత్తలకీ చేపలకీ దగ్గరగా చెట్టు చూసుకుని పిల్లల్ని పెంచుకుంటాయి, నీళ్లు తగ్గితే పోతాయి. మన వాళ్లు వరి కోతకి ఊళ్లు మారినట్టే.

ఊరి మధ్య, ఇళ్ల మీది చింతలూ రావులూ ఎందుకు ఎంచుకుంటాయంటే, నా లెక్కలో రెండు కారణాలు. ఎత్తు చెట్లు ఊళ్లలోనే మిగిలాయి. రెండోది, అక్కడివాళ్లు రాయి వేయరు. పక్షులొస్తే వానలొస్తాయని పెద్దల నమ్మకం. ఆ నమ్మకం నిలబెట్టుకోవడం తేలికేం కాదు. గూళ్ల కింద కాపురం చేసే ఇల్లాళ్లని అడగండి, ఆరేసిన చీర మీద రెట్ట, వాకిట్లో కుళ్లిన చేప వాసన. మెచ్చుకోవాల్సింది పక్షుల్ని కాదు, ఆ ఆడవాళ్లని.

ప్రశ్న: బొబ్బిలి వీణకి పనస కర్రే ఎందుకు వాడతారు?
పేరు వద్దన్న పాఠకురాలు, సాలూరు

జవాబు: పనస తేలిక, పురుగు పట్టదు, ఉలికి లొంగుతుంది, నాదం బాగా పలుకుతుంది. గొల్లపల్లి కళాకారులు కుండ, దండి, కొసన తల, అన్నీ ఒకే మొద్దులోంచి తొలుస్తారు. అతుకు ఉండదు. ఏకాండి వీణ అనేది అందుకే. దానికి లావుపాటి ముదురు మాను కావాలి. ఆ మాను కావాలంటే ఎవరో ఒకరు ముప్ఫై నలభై ఏళ్లు పనసపళ్లు తింటూ చెట్టుని కొట్టకుండా ఓపిక పట్టాలి. మా ఉద్దానం పనసకాయలు లారీల్లో ఒడిశా దాటి కూరకి పోతున్నాయి. కాయకి గిరాకీ ఉన్నన్నాళ్లూ చెట్టు ఉంటుంది, వీణవాళ్లకి అదే ధైర్యం.

ప్రశ్న: అన్నీ వలస చెట్లేనంటూ పోయిన నెల కూడా రాశారు. మరి అసలు మన ప్రాంతపు సొంత చెట్టు ఏదండీ? సవర గిరిజనులకీ చెట్లకీ ఉన్న సంబంధం గురించి కూడా రాయండి.
ఒక లెక్చరర్, పార్వతీపురం

జవాబు: ఒక్కటే చెప్పమంటే ఇప్ప. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో ఉన్న స్వామి పేరే మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. సవరలు కొట్టిన ఇప్పమానులోంచి శివుడు కనిపించాడని స్థలపురాణం. గుడి కట్టించింది గంగ రాజులు, దేవుణ్ణి మొదట చూసింది సవరలు, దేవుడున్నది ఇప్పలో. ఆ పక్కనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని నిఘంటువే తయారు చేశారు. ఆయన ఇంటిపేరు గిడుగు కూడా తాటాకు గొడుగే కదా అనుకుంటాను నేను.

సీతంపేట ఇప్పుడు మీ మన్యం జిల్లాలోకి వచ్చింది గానీ, నేను పనిచేసినప్పుడు శ్రీకాకుళమే. చేరిన మొదటి వేసవిలో ఉదయం బడికి పిల్లలు సగం మంది రారు. వచ్చినవాళ్లు తొమ్మిదింటికి వస్తారు, చేతులు జిగురు. బెత్తం వాడాను, దాచడం ఎందుకు. తర్వాత తెలిసింది, ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఎండెక్కేలోగా ఏరుకోకపోతే మేకలూ ఎలుగులూ ఊరుకోవు. ఎండబెట్టిన పూలు వానాకాలంలో తిండి, సంతలో ఉప్పు. ఏ చెట్టు ఏ ఇంటిదో పిల్లలకి కూడా తెలుసు, చీటీ లేదు, హద్దురాయి లేదు. చింత కూడా అంతే. మరుసటి ఏడాది నుంచి పూల రోజుల్లో హాజరు తొమ్మిది తర్వాతే వేశాను. ఏ రూలు కింద అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ చింతపండు కథ తీపిది కాదు. కుంచాల కొద్దీ పండు షావుకార్ల చేతికి పోయి, బదులుగా గుప్పెడు ఉప్పూ పొగాకూ వచ్చేవని ముసలివాళ్లు చెప్పేవారు. గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టింది ఆ దోపిడీ చూసే. అయినా 1967 తర్వాత గిరిజన తిరుగుబాటుతో ఆ కొండలు రగిలాయంటే, భూమితో పాటు, వెట్టితో పాటు, ఈ పులుపు లెక్కలు కూడా అందులో ఉన్నాయి.

నా తప్పు కూడా ఒకటి రాసుకోవాలి. 1980ల్లో సామాజిక అడవులంటూ మొక్కలు పంచిపెడుతుంటే ఉత్సాహపడి బడి స్థలంలో రెండొందల జామాయిల్ మొక్కలు పిల్లల చేత నాటించాను. నిటారుగా, వరసగా, చూడముచ్చటగా పెరిగాయి. మేక ముట్టదు, పిట్ట గూడు కట్టదు. ఒక సవర పెద్దాయన వచ్చి చాలాసేపు చూసి, 'మేష్టారూ, దీని కింద ఎవరు కూకుంటారు?' అన్నాడు. వలస వచ్చిన చెట్లన్నీ ఒకటి కావు లెండి. జీడి మనతో భోజనానికి కూర్చుంది, జామాయిల్ లారీ కోసం నిలబడింది.

ప్రశ్న: మేష్టారూ, మాది కవిటి మండలం. తిత్లీ తుపానుకి మా కొబ్బరితోట మొత్తం పోయింది. అన్నదమ్ములం బయటికొచ్చేశాం, నేను విశాఖలో ఉన్నాను. భూమి ఖాళీగా ఉంది. కొబ్బరి మళ్లీ వేయాలా, సరుగుడు వేసి వదిలేయాలా, అమ్మేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. మూడో రోజుకి గానీ నేను మా ఊరు చేరలేకపోయాను, దారంతా పడ్డ చెట్లే. మా నాన్న వేసిన 62 కొబ్బరి చెట్లలో 9 నిలబడ్డాయి. మా తమ్ముడు తోటలోకి రానన్నాడు, గట్టు మీదే కూర్చున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ మా ఇంటి గడపలోంచి సముద్రం హోరు అంత దగ్గరగా వినపడలేదు. అంచేత మీ నిద్ర సంగతి నాకు తెలుసు.

అమ్మకం గురించి సలహా ఇవ్వను, అది మీ అన్నదమ్ములు కూర్చుని తేల్చుకోవాలి. సరుగుడు వేస్తే నాలుగైదేళ్లకి డబ్బు చేతికొస్తుంది, కాపలా తక్కువ, ఇసకనేలలో బాగా వస్తుంది. 19వ శతాబ్దంలో మద్రాసు వైపు రైలింజన్ల కట్టెల కోసం పెంచడం మొదలెట్టిన చెట్టు, తొందరగా కాలిపోవడానికే పెంచింది. తీరం అంచున గాలికి అడ్డుగా రెండు మూడు వరసలు వేయండి, మంచిదే. తోటంతా మాత్రం వేయకండి.

కొబ్బరి నాటురకం కాపుకి ఆరేడేళ్లు. మొక్కకి మొక్కకి పాతికడుగుల దూరం వదలాలి. మన నాన్నలు దగ్గరదగ్గరగా వేసేశారు, వెలుతురు కోసం కొట్టుకుని చెట్లు సన్నగా పైకి పోయాయి. మధ్యలో అంటు జీడి వేస్తే మూడు నాలుగేళ్లకే నాలుగు పిక్కలు కనిపిస్తాయి. గట్ల మీద పనస. తెల్లదోమ కనిపించగానే మందు కొట్టే హడావుడి పెట్టుకోకండి. దాన్ని తినే పురుగులు ముందు చస్తాయి. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టించండి, పసుపు జిగురు అట్టలు కట్టండి.

మా తొమ్మిది చెట్లూ ఇప్పటికీ కాస్తున్నాయి. ఆ గాలికి ఆగిన చెట్ల కాయలని ఏటా కొన్ని మొలకకి పెడుతున్నాను. మీకు పది మొక్కలు ఇవ్వగలను. జూన్ లోపు పత్రిక చిరునామాకి కార్డు రాయండి. ఒక్కటే షరతు, మొక్కకి వచ్చేసరికి మీ గోతులు తవ్వి ఉండాలి, మూడడుగుల లోతు, నేనే వచ్చి చూస్తాను.